చూపుడు వేలు టెండన్ (వేలిని వంచే లోపలి తాడు) కుట్టాక లోపల మచ్చ పట్టేసింది. వేలు మళ్లీ వంగుతుందా?

మగ్గం_భీమవరం

అందరికీ నమస్కారం. నేను బ్లౌజుల మీద మగ్గం వర్క్ చేస్తాను. పగిలిన గాజు గ్లాసు ఎడమ చేతి చూపుడు వేలి మొదట్లో, అరచేతి వైపు దిగింది. అదే రోజు ఆపరేషన్ చేశారు. డిశ్చార్జి కాగితంలో జోన్ 2 అని, చివరి కణుపుని వంచే ఎఫ్‌డీపీ, మధ్య కణుపుని వంచే ఎఫ్‌డీఎస్ టెండన్లు రెండూ కుట్టామని, బొటనవేలి వైపు ఉన్న డిజిటల్ నర్వ్ (వేలికి స్పర్శనిచ్చే నరం) కూడా కుట్టామని రాశారు. ఎనిమిది వారాలు దాటింది. స్ప్లింట్ (చేతికి ఆసరాగా కట్టే గట్టి పట్టీ) తీసేశారు.

ఇప్పుడు వేలు మొదటి కణుపు దగ్గర బాగానే వంగుతోంది. మధ్య కణుపు సగం వంగుతుంది. చివరి కణుపు దాదాపు కదలదు. కుడి చేత్తో పట్టుకుని వంచితే మాత్రం వేలు కొన హాయిగా అరచేతికి ఆనుతుంది, వదిలితే మళ్లీ లేచిపోతుంది. మచ్చ ఎర్రగా, గట్టిగా, ఉబ్బెత్తుగా ఉంది. వంచబోతే మచ్చ దగ్గర చర్మం లోపలికి గుంట పడుతోంది. వేలికి ఒక పక్క తిమ్మిరి.

మా పని తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. ఫ్రేముకి పైన ఆరీ సూది కుడి చేతిలో ఉంటుంది. కింద దారం పట్టుకుని సూది కొక్కేనికి చుట్టి అందించేది ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలు. కింద చేయి కంటికి కనపడదు, అంతా స్పర్శ మీదే. ఈ వేలు రాకపోతే నా పని లేదు. ఒకరేమో మచ్చ కరిగే ఇంజక్షన్ ఉందంటున్నారు, ఇంకొకరు ఎవరిచేతైనా గట్టిగా లాగించుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

గోదారి_పిన్ని

అమ్మాయ్, దిగులు పెట్టుకోకు. గోరువెచ్చని ఆముదం రాసి పొద్దునా సాయంత్రం బాగా మర్దనా చేయి, తర్వాత కాపడం పెట్టు. మా తోటికోడలికి కొడవలి గాటు పడితే అలాగే చేశాం. పక్క ఊళ్లో కట్టు కట్టే ఆయన ఉన్నాడు, రెండుసార్లు గట్టిగా లాగితే పట్టు వదులుతుందని అంటారు. నువ్వూ ఒకసారి చూపించుకో.

చేతి_ఫిజియో_విశాఖ

పిన్నిగారూ, ఆముదం మర్దనా వరకు నాకు ఏ అభ్యంతరమూ లేదండి. లాగించడం మాత్రం దయచేసి వద్దు. ఎందుకో చెప్తాను.

భీమవరం అక్కా, మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. రెండో చేత్తో వంచితే పూర్తిగా వంగుతోంది, సొంతంగా వంగట్లేదు. అంటే కీళ్లు బాగున్నాయి. కుట్టిన టెండన్ చుట్టూ మచ్చ పుట్టి దాన్ని జారనివ్వట్లేదు. రెండో చేత్తో వంచినా వంగకపోతే అప్పుడు కీలే బిగిసిందని అర్థం, దాని చికిత్స వేరు. మీకు కుట్టు పని తెలుసు కాబట్టి ఇలా చెప్తా: లంగా నాడా దూర్చిన మడతలో ఒక కుట్టు నాడాని కూడా కలిపి పట్టేసిందనుకోండి. ఎంత లాగినా అక్కడే ఆగిపోతుంది. జోన్ 2 అంటే అరచేతి పై గీత దగ్గర్నుంచి వేలి మధ్య ఎముక దాకా ఉండే ఇరుకైన గొట్టం. అందులో రెండు టెండన్లు ఒకదాని మీద ఒకటి జారాలి. మీకు రెండూ తెగాయి, రెండూ కుట్టారు, పైన చర్మమూ కుట్టారు. అన్నీ ఒకే చోట మానుతున్నాయి, మానుతూ ఒకదానికొకటి అంటుకున్నాయి. వంచినప్పుడు చర్మం గుంట పడుతోందంటే మచ్చ చర్మం నుంచి టెండన్ దాకా దిగిందన్నమాట.

మొదటి మూడు నాలుగు వారాలూ శరీరం గాయంలో కొల్లాజెన్‌ని (మచ్చ కట్టే పోగుల్ని) అడ్డదిడ్డంగా పోసేస్తుంది. ఆ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా దాన్ని సర్దుకుంటూనే ఉంటుంది. ఏ దిక్కున లాగుడు పడుతుంటే ఆ దిక్కున పోగులు సర్దుకుంటాయి. కాబట్టి ఎనిమిది వారాల మచ్చ ఇంకా పచ్చిదే, మన మాట వింటుంది. కానీ ఒక్కసారిగా గుంజితే లోపల సన్నగా చిరిగి, వాచి, అక్కడ ఇంకా కొత్త మచ్చ పుడుతుంది. పైగా కుట్టిన టెండన్‌కి పూర్తి బలం రావడానికి 12 వారాలు పడుతుంది. ఈలోగా ఎవరైనా బలంగా లాగితే కుట్టు తెగిపోయే ప్రమాదం ఉంది.

ఇంట్లో చేయాల్సినవి చెప్తాను. మొదలుపెట్టే ముందు మీ సర్జన్‌కి ఒకసారి చూపించి సరేననిపించుకోండి.

మర్దనా: కుట్లు తీసి, పక్కులన్నీ రాలి, చర్మం పూర్తిగా మూసుకున్నాకే. రోజుకి మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ ఐదు నిమిషాలు చాలు. మచ్చ మీద బొటనవేలు ఆనించి ఎరుపు తగ్గి తెల్లబడేంత నొక్కండి. గుండ్రంగా, అడ్డంగా, నిలువుగా కదపండి. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది. నూనె ఎక్కువైతే మీ వేలు చర్మం మీద జారిపోతుందే తప్ప లోపలి పట్టు కదలదు. కొబ్బరి నూనో ఆముదమో రాసి చర్మం మెత్తబడ్డాక తుడిచేయండి. అప్పుడు పొడి వేలితో మచ్చను పట్టుకుని చర్మంతో సహా కదపండి. ఆ తర్వాత మచ్చను వేలి కొన వైపు తోసి పట్టి ఉంచి, అదే వేలిని నెమ్మదిగా వంచండి. టెండన్ మణికట్టు వైపు వెళ్తుంటే చర్మాన్ని ఎదురు దిక్కున ఆపుతున్నారన్నమాట. మీ గుంట పడే మచ్చకి అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

వ్యాయామం: కుడి చేత్తో చూపుడు వేలి మధ్య ఎముకని కదలకుండా పట్టుకుని చివరి కణుపు ఒక్కటే వంచడానికి ప్రయత్నించండి. కదలకపోయినా ప్రయత్నం ఆపకండి, ఐదు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి వదలండి. తర్వాత మొదటి కణుపులు నిటారుగా ఉంచి పై రెండు కణుపులే కొక్కెంలా వంచండి. రెండు టెండన్లు ఒకదాన్నుంచి ఒకటి విడిగా ఎక్కువ జారేది ఈ భంగిమలోనే. చివర్లో పూర్తి పిడికిలి. ప్రతి గంటకీ పదేసి సార్లు చేస్తే చాలు. రోజుకొక్కసారి గంటసేపు చెమటలు పట్టేలా చేసే దానికన్నా ఇది చాలా మేలు. సాయంత్రానికి వేలు వాచి ఎర్రబడితే ఆ రోజు ఎక్కువ చేశారని గుర్తు, మర్నాడు తగ్గించండి.

చేస్తుండగా టప్పున తెగినట్టు అనిపించి, అప్పటిదాకా వంగే కణుపు కూడా వంగడం మానేస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

జీడిమెట్ల_లేత్

అక్కా, నాది గూడ గిట్లనే ఉండె. కంపెనీల మధ్యవేలు మిషన్ల పడ్డది. టెండన్ కుట్టిన్రు, మంచిగనే కుట్టిన్రు. గని డిశ్చార్జి చేసినంక ఎక్సర్‌సైజులు చేయాలె, ఫిజియో దగ్గరికి పోవాలె అని ఎవ్వలు చెప్పలే. ఏ దవాఖాన అన్నది వద్దు, పేరు రాయను. కట్టు ఇప్పేసరికి వేలు కట్టెలెక్క అయింది.

ఆరు నెలల దాకా ఫిజియో చేసిన, కొంచెం వచ్చి ఆగిపోయింది. అప్పుడు టెనోలైసిస్ అని ఆపరేషన్ చేసిన్రు, అంటుకున్న మచ్చను టెండన్ చుట్టు ఇడదీసుడు. చెయ్యికే మత్తు ఇచ్చిన్రు, నేను మెలకువతోనే ఉన్న. మధ్యల డాక్టర్ సాబ్ "ఇప్పుడు వేలు వంచు" అన్నడు. వంచిన. ఇంక ఒక దగ్గర పట్టు ఉంది అని అది గూడ తీసిండు. మళ్ల వంచమన్నడు. పూర పిడికిలి అయింది. నా కండ్లతోని చూసిన.

గని అసలు పని తెల్లారి షురూ అయింది. కుట్లు పచ్చిగ ఉండంగనే వేలు ఆడియ్యాలె, లేకుంటే మళ్ల అంటుకుంటది. నొప్పి గోలీ ఏసుకోని చేసిన. ఇప్పుడు మైక్రోమీటర్ పట్టుకుంట, జాబ్ సెట్ చేస్త.

ఇంకో మాట. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉన్నోళ్లు పనిల దెబ్బ తాకితే యాజమాన్యంతోని యాక్సిడెంట్ రిపోర్ట్ పంపియ్యాలె. పనికి పోలేని రోజులకు సగటు రోజు కూలిల 90 శాతం వస్తది. శాన మందికి ఇది తెల్వక నొప్పితోనే డ్యూటీకి పోతరు, వేలు ఖరాబ్ చేసుకుంటరు.

మగ్గం_భీమవరం

అన్నా, మీ మాట చదివి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఫిజియో గారూ, పొడి వేలితో పట్టుకుని కదపడం ఇవాళే చేసి చూశాను. ఇన్నాళ్లూ నూనెతో పైపైన రుద్దుతున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

రెండు సందేహాలు. తిమ్మిరి ఉన్న పక్క ఈ మధ్య ముట్టుకుంటే జిల్లుమంటోంది, దుప్పటి తగిలినా చిరాకు. అది మంచిదా చెడ్డదా? సిలికాన్ షీటు అంటున్నారు, అది అరచేతి వైపు మచ్చకి పనిచేస్తుందా?

ఓటీ_డల్లాస్

నేను అమెరికాలో చేతి పునరావాసంలో ఆక్యుపేషనల్ థెరపిస్టుని, మాది తెనాలి.

జిల్లుమనడం చాలావరకు మంచి కబురేనండి. కుట్టిన నర్వ్ రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మొదట్లో కొన్ని వారాలు ఏమీ తెలియదు. వేలి మొదట్లో కుట్టింది కొనదాకా చేరాలంటే కొన్ని నెలలు పట్టాలి. మచ్చ దగ్గర్నుంచి కొన వైపు వేలితో మెల్లగా తడుతూ పోండి. ఏదో ఒక చోట జివ్వుమంటుంది. ఆ చోటు నెలనెలా కొన వైపు జరుగుతుంటే నర్వ్ పెరుగుతోందని తెలుస్తుంది. పెన్నుతో గుర్తు పెట్టి ఫొటో తీసుకుంటే పోల్చుకోవడానికి ఉంటుంది. అక్కడే ఆగిపోయి, నొప్పి పెరుగుతుంటే సర్జన్‌కి చెప్పండి.

ఆ చిరాకు తగ్గడానికి మెత్తటి వాటితో మొదలుపెట్టండి. దూదితో, పట్టు గుడ్డతో, తర్వాత కాటన్‌తో, తువ్వాలుతో, ఆఖరికి గోనెతో ఆ చోట రుద్దండి. ఒకటి భరించగలిగాకే తర్వాతది. తర్వాత గిన్నెలో బియ్యం పోసి చేయి ముంచి కలపండి. మీ దగ్గర పూసలు, కుందన్లు, చమ్కీలు ఎలాగూ ఉంటాయి. కళ్లు మూసుకుని ఏది ఏదో వేలితో చెప్పే సాధన చేయండి. ఫ్రేము కింద మీ చేయి చేసేది ఆ పనే. తిరిగొచ్చే స్పర్శని గుర్తుపట్టడం మెదడు మళ్లీ నేర్చుకోవాలి, ఊరికే ఉంటే అంత బాగా రాదు. అప్పటిదాకా తిమ్మిరి వేలితో వేడి గిన్నెలు పట్టుకోకండి, కాలినా తెలియదు. వ్యాక్స్ (చేతిని కరిగిన మైనంలో ముంచే కాపడం) పెట్టించుకోవాలనుకుంటే కూడా ఇది గుర్తుంచుకోండి. కరిగిన మైనం 52 నుంచి 54 డిగ్రీల దాకా ఉంటుంది, స్పర్శ లేని చర్మానికి అది ప్రమాదం.

సిలికాన్ సంగతి: అది చర్మం మీది ఉబ్బునీ ఎరుపునీ దురదనీ తగ్గిస్తుంది. లోపల టెండన్‌కి పట్టిన మచ్చని అది విడదీయలేదు. మీకు అసలు ఇబ్బంది లోపల ఉంది కాబట్టి డబ్బు తక్కువగా ఉంటే ముందు థెరపీకే పెట్టండి. కొన్నా, రోజుకి 12 గంటలకి తక్కువ కాకుండా రెండు మూడు నెలలు వాడితేనే ఫలితం. భీమవరం ఉక్కలో వేలికి చెమట పట్టి పొక్కులొస్తాయి. రాత్రిపూట పెట్టుకుని పొద్దున్నే చేయీ షీటూ సబ్బుతో కడిగి ఆరబెట్టండి.

మీ సర్జన్‌ని మెచ్చుకోవాలి. ఒకప్పుడు జోన్ 2 లో తెగితే వెంటనే కుట్టేవాళ్లు కాదు, అంతా అంటుకుపోతుందని భయం. చర్మం కుట్టి పంపి, తర్వాత వేరే చోటి టెండన్ తెచ్చి వేసేవాళ్లు. 1960లలో అమెరికాలోని లూయీవిల్‌లో హెరాల్డ్ క్లైనర్ట్ బృందం వెంటనే కుట్టి, గోరుకి రబ్బరు బ్యాండు కట్టి, స్ప్లింట్‌లోనే వేలు ఆడించి చూపించాక ఆ భయం తగ్గింది. ఇప్పటి చికిత్సంతా ఆ తొందరగా కదిలించడం మీదే నిలబడింది.

బుజ్జి_వాళ్లమ్మ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకి ఏడాదిన్నర. బండి సైలెన్సర్ పట్టుకున్నాడు, అరచేయి కాలింది. పుండు మానడానికి నెల పైనే పట్టింది. ఇప్పుడు మచ్చ లావెక్కి చిటికెన వేలూ ఉంగరం వేలూ లోపలికి ముడుచుకుంటున్నాయి. రాత్రంతా గోక్కుంటాడు. ఇది కీలాయిడా? అత్తయ్య వాళ్లు పెద్దయ్యాక అదే సర్దుకుంటుందంటున్నారు.

చేతి_ఫిజియో_విశాఖ

అమ్మా, ఇది ఆగే విషయం కాదు, ఈ వారమే ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించండి. మూడు వారాలకి మించి మానని కాలిన గాయాలకి మచ్చ ఉబ్బే అవకాశం ఎక్కువ. గాయం హద్దు లోపలే ఉబ్బితే దాన్ని హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు, కాలక్రమేణా చాలావరకు మెత్తబడుతుంది. హద్దు దాటి పక్క చర్మంలోకి పాకితే అది కీలాయిడ్. చెవి తమ్మెలు, ఛాతీ, భుజాల మీద ఎక్కువ, అరచేతిలో అరుదు. కాబట్టి మీ బాబుది మొదటి రకమే అయ్యుండాలి, చూసిన డాక్టర్ తేల్చి చెప్తారు.

కానీ పిల్లల చేయి పెరుగుతుంది, మచ్చ అంతే వేగంగా సాగదు. కాబట్టి వేళ్లు ముడుచుకోవడం దానంతటది పోదు, ఇంకా బిగుస్తుంది. అరచేయి పూర్తిగా చాపి ఉంచే స్ప్లింట్ రాత్రిపూట వేయాలి. కొలత తీసి కుట్టిన ప్రెషర్ గ్లవ్ (మచ్చని నొక్కి ఉంచే బిగుతు తొడుగు) పగలు వేయాలి, చేయి పెరిగే కొద్దీ మార్చాలి. దురదకి సువాసన లేని క్రీమో కొబ్బరి నూనో రోజుకి చాలాసార్లు రాయండి, గోళ్లు కత్తిరించి ఉంచండి. అప్పటికీ నిద్ర పట్టకపోతే డాక్టర్ మందిస్తారు. ఇవన్నీ చేసినా వేళ్లు ముడుచుకుంటే చర్మం అతికించడమో, జెడ్ ఆకారంలో కోసి పొడవు పెంచడమో చేస్తారు. చిన్నప్పుడు చేసినా పెరిగే వయసులో మళ్లీ అవసరం పడొచ్చు, అందుకే ఏటా చూపించుకుంటూ ఉండాలి.

ఇది చదివే తల్లిదండ్రులందరికీ: కాలిన వెంటనే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, ఐసు ఏదీ వద్దు.

భీమవరం అక్క అడిగిన ఇంజక్షన్ సంగతి మర్చిపోకముందే చెప్తా. ట్రయామ్‌సినోలోన్ అనే స్టెరాయిడ్‌ని ఉబ్బిన మచ్చలోకి నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి ఇస్తారు. చర్మం మీది ఉబ్బుకి, కీలాయిడ్‌కి బాగా పనిచేస్తుంది. కానీ అది కణజాలాన్ని బలహీనపరుస్తుంది. కొత్తగా కుట్టిన టెండన్ సరిగ్గా కిందే ఉన్నప్పుడు ఆ సూది వేయించుకోవడానికి తొందరపడకండి, మీ సర్జన్ చెప్పకుండా అసలే వద్దు.

చిత్తూరు_రిటైర్డ్

నేను చాలా ఏళ్లు కుష్ఠు వ్యాధిగ్రస్తుల చేతుల పునరావాసంలో పనిచేసినవాణ్ని. మా తరానికి ఈ విద్య వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) నుంచి వచ్చింది. 1946లో అక్కడికి వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ ముడుచుకుపోయిన చేతుల్ని టెండన్లు మార్చి మళ్లీ పనిలోకి తెచ్చిన మనిషి. బిగిసిన వేలిని బలంతో కాక ఓపికతో సాగదీయాలని ఆయన గట్టిగా చెప్పేవారు.

వేలు చాచడానికి రాకుండా బిగుసుకున్నవాళ్లకి ఇది పనికొస్తుంది. వేలి చుట్టూ పీఓపీతో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సన్నని గొట్టం కట్టు వేస్తాం. నొప్పి లేకుండా ఎంతవరకు సాగితే అంతవరకే చాచి, అక్కడ కట్టు ఆరనిస్తాం. రెండు మూడు రోజులకి విప్పి చూస్తే చర్మం, కీలు చుట్టూ ఉన్న కణజాలం ఆ కొత్త పొడవుకి అలవాటు పడి ఉంటాయి. అప్పుడు ఇంకొన్ని డిగ్రీలు చాచి మళ్లీ కట్టు. ఇలా వారాల తరబడి. ఖరీదైన స్ప్లింట్ కొనలేని రైతుకూలీ వేళ్లు కూడా ఈ పీఓపీ పట్టీతో నిటారుగా రావడం చూశాను. విప్పిన ప్రతిసారీ చర్మం ఒరిసిపోయిందా అని చూడాలి, స్పర్శ లేని వేలికి మరీ జాగ్రత్త. ఇంట్లో చేసుకునేది కాదు, తెలిసినవాళ్ల చేతే వేయించుకోండి.

పల్నాడు_కుర్రాడు

అన్నా, గాలిపటం మాంజా తగిలి మా తమ్ముడి ఉంగరం వేలు తెగింది. ఒక క్లినిక్‌లో పైన కుట్లు వేసి పంపేశారు. వారం అయింది, వేలు కొన వంగట్లేదు. వాపు తగ్గితే వస్తుందన్నారు. ఆగొచ్చా?

చేతి_ఫిజియో_విశాఖ

ఆగకండి తమ్ముడూ. మధ్య ఎముక పట్టుకుని కొన వంచమంటే అసలు కదలికే లేకపోతే లోపల ఎఫ్‌డీపీ తెగిందేమో అని అనుమానించాల్సిందే. రేపే చేతి ఆపరేషన్లు చేసే ప్లాస్టిక్ సర్జన్‌కో ఆర్థోకో చూపించండి. రెండు వారాల లోపైతే సాధారణంగా రెండు కొసలూ కలిపి నేరుగా కుట్టొచ్చు. ఆలస్యమైతే తెగిన టెండన్ చేతి వైపు కొస అరచేతిలోకి లాక్కుపోయి కుదించుకుంటుంది, గొట్టం మచ్చతో మూసుకుంటుంది. అప్పుడు వేరే టెండన్ తెచ్చి వేయాలి, అది చాలాసార్లు రెండు దఫాల ఆపరేషన్. గుంటూరు పెద్దాసుపత్రి మీకు దగ్గరే కదా, పొద్దున్నే ఓపీకి వెళ్లండి.

పల్నాడు_కుర్రాడు

సరే అన్నా, పొద్దున బస్సుకే తీసుకెళ్తున్నా.

మగ్గం_భీమవరం

నాలుగైదు వారాల తర్వాత రాస్తున్నా. సర్జన్‌కి చూపించాను, ఇక్కడ చెప్పిన వ్యాయామాలన్నీ సరేనన్నారు. మచ్చ తెల్లబడుతోంది, చర్మం గుంట పడడం తగ్గింది. మధ్య కణుపు బాగా వంగుతోంది. చివరి కణుపు ఇప్పుడు కంటికి కనిపించేంత కదులుతోంది, ముందు అదీ లేదు. జివ్వుమనే చోటు పైకి జరిగింది. పల్లీ గింజకీ పూసకీ తేడా చెప్పగలుగుతున్నా, దారం పోగు మాత్రం ఇంకా తెలియట్లేదు. ఆరో నెలలో చూసి అప్పటికీ ఆగిపోతేనే టెనోలైసిస్ గురించి మాట్లాడదామన్నారు. పెళ్లిళ్ల సీజన్ వస్తోంది, ఆర్డర్లు అడుగుతున్నారు. ఫ్రేము ముందు కూర్చోవచ్చా?

చేతి_ఫిజియో_విశాఖ

చాలా సంతోషం అక్కా. 12 వారాలు దాటాయి కాబట్టి కూర్చోండి, ఆ పనే ఇప్పుడు మీకు మంచి థెరపీ. ముందు లావు దారంతో, పనికిరాని గుడ్డ మీద చైన్ కుట్టు వేయండి. పది పదిహేను నిమిషాలు చేసి ఆగి, వేలు పూర్తిగా వంచి చాచండి. సాయంత్రం వాపు లేకపోతే మర్నాడు సమయం పెంచండి. సన్న జరీ దారం స్పర్శ తెలిసేదాకా పక్కన పెట్టండి, సూది గుచ్చుకున్నా తెలియకపోతే కొత్త గాయం అవుతుంది. బరువైన బిందెలు, గుడ్డలు పిండడం ఇంకొన్నాళ్లు ఇంట్లోవాళ్లకి వదిలేయండి. పెద్ద ఆర్డర్లు ఈ సీజన్‌కి ఒప్పుకోకండి.

జీడిమెట్ల_లేత్

అక్కా, మర్దనా ఆపకు. నాకైతే ఏడాది దాటినంక గూడ మెత్తవడుకుంటనే వచ్చింది.